పెరట్లోకి చెవులపిల్లి వస్తోందా? దాన్ని ముట్టుకోకుండా మడిని కాపాడుకునే పద్ధతి

మా ఇల్లు అనంతపురం ఊరి చివర ఉంది. ఒకప్పుడు వేరుశనగ పండిన చేను, ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతిన లేఅవుటు. వీధిలో ఇళ్లకన్నా ఖాళీ స్థలాలే ఎక్కువ. వాటి నిండా సర్కారు తుమ్మ, వయ్యారిభామ, బోద గడ్డి. కిందటి ఏడాది శ్రావణంలో పెరట్లో వేసిన అలసంద మొలకలు మూడు రాత్రుల్లో మాయమయ్యాయి. కొత్తిమీర మడి గుండు గీసినట్టు అయింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు, ఇది మేకల పనేనని తేల్చుకుని, రోజూ మా వీధి మీదుగా మేకలు తోలుకెళ్లే అవ్వను నిలదీశాను. ఆమె వంగి మిగిలిన కాడలను చూసింది. "నాయనా, మా మేకలకు ఇంత మర్యాద ఎక్కడిది? అవైతే వేరుతో సహా పీకుతాయి. ఇది చెవులపిల్లి" అంది. మా వైపు అడవి కుందేలును అలా అంటారు.

ఆ సాయంత్రం నుంచి ఏడాది పాటు నేను చేసినవీ, చేసి చెడినవీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఈ పద్ధతిలో చెవులపిల్లిని ఎక్కడికీ పంపించం, పెరడంతటికీ కోట కట్టం. దాని నోరు పడే నాలుగు మడులకూ, పది లేత మొక్కలకూ మాత్రమే అడ్డం పెడతాం. ఖర్చు తక్కువ, పాపం అసలే లేదు.

మొదటి పని: దొంగ ఎవరో తేల్చుకోవడం

కొరికిన చోటును చూడండి. చెవులపిల్లి ముందు పళ్లు కత్తెర లాంటివి. లేత కాడను ఏటవాలుగా, కత్తితో కోసినంత శుభ్రంగా తెంపుతుంది. మేక, ఆవు లాగి తెంపుతాయి కాబట్టి కాడ చివర పీచులు రేగి ఉంటాయి. ఎలుక కొరికితే అంచు గరుకుగా, గీకినట్టు ఉంటుంది. గొంగళిపురుగు ఆకుకు చిల్లులు పెడుతుంది, ఈనెలను వదిలేస్తుంది. నేలను తవ్వి గడ్డలు, కాయలు తిని ఉంటే అది పందికొక్కు కావచ్చు, అడవిపంది కావచ్చు. చెవులపిల్లి గడ్డల కోసం నేల తవ్వదు. దాని నష్టమంతా నేల నుంచి రెండడుగుల ఎత్తు లోపలే ఉంటుంది.

తరవాత పెంటికలు వెతకండి. చెవులపిల్లివి గుండ్రంగా, కాస్త అణిగి, శనగ గింజంత ఉంటాయి. ఎండాక విరిస్తే లోపల గడ్డి పీచు కనబడుతుంది. అక్కడ నాలుగు, ఇక్కడ ఆరు అన్నట్టు చెదిరి ఉంటాయి. మేకవి కాస్త కోలగా, నల్లగా, కుప్పగా పడతాయి. ఎలుకవి సన్నగా, రెండు కొసలూ మొనదేలి ఉంటాయి.

ఇంకా అనుమానం ఉంటే చీకటి పడే ముందు మడి చుట్టూ అడుగు వెడల్పున సన్నని ఇసుకో, జల్లించిన బూడిదో పరచండి. తెల్లవారి చూస్తే చెవులపిల్లి అడుగులు ఇట్టే తెలుస్తాయి. ముందు కాళ్ల గుర్తులు చిన్నవి, ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. వెనుక కాళ్లవి పొడుగ్గా, పక్కపక్కన, ముందు కాళ్ల గుర్తులకన్నా ముందుకు పడి ఉంటాయి. గెంతేటప్పుడు వెనుక కాళ్లు ముందు కాళ్లను దాటి పడతాయి మరి. నేను బూడిద చల్లిన మొదటి రాత్రే మూడు జంతువుల గుర్తులు దొరికాయి. అందులో ఒకటి మా పక్కింటి పిల్లి.

రాత్రిపూట పెరట్లోకి వెళ్లి చూడాలనిపిస్తే చెప్పులు, టార్చి లేకుండా దిగకండి. చెవులపిల్లి తిరిగే గడ్డిలోనే రక్తపింజరి కూడా తిరుగుతుంది.

ఈ జంతువు సంగతి కొంత తెలియాలి

మనకు పెంపుడు కుందేలూ, అడవి కుందేలూ రెండూ కుందేళ్లే. నిజానికి రెండూ వేరు జాతులు. అంగళ్లలో అమ్మే తెల్ల కుందేళ్లు ఐరోపా జాతి సంతతి. అవి బొరియలు తవ్వుతాయి. వాటి పిల్లలు వెంట్రుకలు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. మన చేలల్లో తిరిగే చెవులపిల్లి అసలు బొరియే తవ్వదు. గడ్డి దుబ్బు కిందో, కంప నీడలోనో ఒళ్లు పట్టేంత గుంట చేసుకుని పగలంతా అందులో కదలకుండా పడుకుంటుంది. దాని పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. దక్షిణాది చెవులపిల్లికి మెడ వెనుక నల్లటి మచ్చ ఉంటుంది, తోక పైభాగం కూడా నలుపే. పారిపోతుంటే ఈ రెండూ కనబడతాయి.

ఈ తేడా పెరటికి ఎందుకంటే, కుందేళ్ల గురించి చెప్పే సలహాల్లో సగం బొరియలు పూడ్చమనేవే. మీ పెరట్లో బొరియ ఉంటే అది పందికొక్కుదో, ముంగిసదో అయ్యుంటుంది. పాము కూడా అందులో చేరి ఉండవచ్చు. దాన్ని పూడ్చినందువల్ల చెవులపిల్లి రావడం ఆగదు.

ఒకవేళ వచ్చింది తెల్లదో, మచ్చలదో అయితే, మనిషిని చూసి బెదరకపోతే, ఎవరో పెంచి వదిలేసినదని అర్థం. దాన్ని పట్టుకుని వీధిలో వాకబు చేయండి, లేదా పెంచేవారికి ఇవ్వండి. బయట వదిలితే రెండు రోజుల్లో కుక్కల పాలవుతుంది.

అడవి చెవులపిల్లి విషయంలో మాత్రం చేయి వేయకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇస్తోంది. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, బోనులో పడేయడం, విషం పెట్టడం, అందుకోసం తరమడం, ఎర వేయడం అన్నీ వేటే. జైలుకు పంపగల నేరం. బోనులో పట్టి దూరంగా అడవిలో వదిలేస్తాం, చంపడం లేదు కదా అని చాలామంది అంటారు. అనుమతి లేకుండా అదీ నేరమే. పైగా అది జాలి పని కూడా కాదు. తెలియని చోట వదిలిన చెవులపిల్లికి దాక్కునే గుంట ఎక్కడో, పారిపోయే దారి ఎటో తెలియదు. అసలు బోనులోనే బెదిరి, కొట్టుకుని చచ్చిపోయే పిరికి జంతువు అది. ఇక్కడ ఖాళీ అయిన చోటికి నెల తిరగకముందే మరొకటి వస్తుంది.

రెండో పని: ఎందుకు వస్తోందో చూడటం

అనంతపురం రాళ్లసీమ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ వాన. మార్చి నుంచి జూన్ దాకా చుట్టుపక్కల పచ్చగా ఉండేది మీరు నీళ్లు పెట్టే ఆ నాలుగు మడులే. ఆ కాలంలో చెవులపిల్లికి తిండీ, నీళ్లూ రెండూ ఆకుల్లోనే దొరకాలి. వానలు పడ్డాక బయట గరిక, పచ్చిక లేచి దాని రాక తగ్గాలి. కానీ మనం సరిగ్గా అప్పుడే అలసంద, పెసర, చిక్కుడు, వేరుశనగ వేస్తాం. గరిక కన్నా అలసంద మొలక తీపి. దాని తప్పేమీ లేదు.

అందుకని తిండిని మాయం చేయలేం. దాక్కునే చోటును మాత్రం ఇంటికి దూరం చేయవచ్చు. గోడ వారన పేర్చిన కంప, పాత రేకులు, ఇటుకల కుప్ప, మోకాలెత్తు గడ్డి ఉంటే చెవులపిల్లి పగలు కూడా అక్కడే ఉండిపోతుంది. మన వైపు సర్కారు తుమ్మ కంపతో కంచె వేయడం అలవాటు. మేకలకు అది పనికొస్తుంది. చెవులపిల్లికి మాత్రం అది కంచె కాదు, ముళ్ల కాపలా ఉన్న పడకగది. కుక్క కూడా లోపలికి రాలేదు! కంప తీసేయనక్కరలేదు, కానీ మడికి కనీసం పదిహేను, ఇరవై అడుగుల దూరంలో ఉండేలా చూడండి.

గడ్డి కొట్టించేటప్పుడు రెండు జాగ్రత్తలు. ముందుగా కర్రతో గడ్డిని మెల్లగా కదుపుతూ ఒకసారి నడవండి, పిల్లలుంటే కనబడతాయి. ఇంటి వైపు మొదలుపెట్టి బయటి వైపుకు కోయించండి, దాక్కున్నది ఖాళీ స్థలంలోకి తప్పుకుంటుంది. చుట్టూ కోసుకుంటూ మధ్యకు వస్తే దానికి దారి ఉండదు. నిప్పు మాత్రం పెట్టవద్దు. చెవులపిల్లి కూనలకు ఆపద వస్తే పరుగెత్తడం రాదు, నేలకు కరుచుకుపోవడం వచ్చు. మంట వచ్చినా అదే చేస్తాయి.

మూడో పని: మడికి తీగ జాలి

అసలు మందు ఇదే. మిగతావన్నీ దీనికి తోడు.

కోళ్ల ఫారాలకు వాడే ఆరు మూలల గళ్ల తీగ జాలి తీసుకోండి. హార్డ్‌వేర్ దుకాణంలో చికెన్ మెష్ అంటే ఇస్తారు. గడి అంగుళానికి మించకూడదు. రెండంగుళాల గడిలోంచి చిన్న పిల్ల దూరిపోతుంది. జింకు పూత ఉన్నదే కొనండి, లేకపోతే రెండు వానాకాలాలకు తుప్పు పట్టి చేతికి ఊడి వస్తుంది. వెడల్పు నాలుగడుగులు ఉండాలి. మూడడుగులు నిలువుగా నిలబెట్టడానికి, అడుగు నేల మీద పరచడానికి.

పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు మడి అనుకుందాం. చుట్టుకొలత 32 అడుగులు. మూలల దగ్గరా, తలుపు దగ్గరా ఒకదాని మీద ఒకటి పడేందుకు మరో నాలుగడుగులు కలిపి 36 కొనండి. నాలుగు మూలలకు నాలుగు కర్రలు, పొడుగు వైపుల మధ్యలో ఒక్కొక్కటి, తలుపుకు రెండు. ఎనిమిది కర్రలు చాలు. సరుగుడు కర్రయినా సరే, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇనుప చువ్వయినా సరే, నేలలోకి అడుగు దిగాలి. ఎర్ర నేల ఎండితే బండరాయే. ముందు రోజు సాయంత్రం గుంట పెట్టాల్సిన చోట బిందెడు నీళ్లు పోసి ఉంచితే తెల్లవారి గడ్డపార దిగుతుంది.

జాలిని లోపలి వైపు నుంచి కాకుండా బయటి వైపు నుంచి కర్రలకు బైండింగ్ వైరుతో కట్టండి. కింది అడుగు భాగాన్ని బయటకు వంచి నేల మీద పరవండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. నేనూ చేశాను. జాలి అడుగును లోపలికి మడిచాను. వారం తిరగకముందే కింద సందు చేసుకుని వచ్చింది. బొరియ తవ్వే అలవాటు లేకపోయినా, మెత్తని మట్టిలో కాస్త గీకి దూరడం దానికి వచ్చు. ఏ జంతువైనా కంచె మొదట్లోకి వచ్చి అక్కడే గీకుతుంది. బయటికి పరిచిన జాలి దాని కాళ్ల కింద ఉంటుంది. ఒక అడుగు వెనక్కి వెళ్లి అక్కడి నుంచి గీకాలన్న ఆలోచన దానికి రాదు.

పరిచిన జాలి లేచిపోకుండా బరువు పెట్టాలి. ఇందుకు మన జిల్లాలో తాడిపత్రి బండల ముక్కలను మించినది లేదు. ఇళ్లకు పరుపు బండలు వేసిన చోట పగిలిన ముక్కలు పారేస్తారు, అడిగితే ఇస్తారు. వాటిని వరసగా పరిస్తే జాలి కదలదు, గడ్డి మొలవదు, వానకు కాలికి బురద కూడా అంటదు. నేను మడి చుట్టూ వేసిన బండల మీదే ఇప్పుడు సాయంత్రం కూర్చుని కలుపు తీస్తున్నాను.

తలుపుకు ఒక చెక్క చట్రానికి జాలి బిగించి, పాత తలుపు బందులు వేయండి. కింది సందు రెండు వేళ్లకు మించకూడదు. గడప లాగా ఒక బండ ముక్కను నిలువుగా పాతితే సరిపోతుంది. జాలి మూసే ముందు మడి లోపల అంతా ఒకసారి చూడండి. చిక్కుడు పాదు కింద పడుకున్న పిల్లను లోపలే మూసేస్తే కథ అడ్డం తిరుగుతుంది.

చుట్టూ ప్రహరీ ఉన్నవారికి ఇంత పని లేదు. గేటు కింద సందు, వాననీరు పోయే తూము, ఈ రెండే దాని దారులు. గేటు అడుగున జాలి పట్టీ బిగించండి, తూముకు కమ్మీల చట్రం పెట్టండి. వారానికి ఒకసారి తూములో చేరిన చెత్త తీయకపోతే మొదటి పెద్ద వానకే పెరడు చెరువవుతుంది.

రాతి స్తంభాలకు ముళ్ల తీగ లాగిన కంచెలు మన లేఅవుట్లలో ఎక్కువ. చెవులపిల్లికి ఆ తీగల మధ్య సందు రాజమార్గం. ఉన్న స్తంభాలకే కింద మూడడుగుల జాలి కడితే కొత్త కర్రల ఖర్చు తప్పుతుంది.

పాత చీరలు చుట్టూ కట్టడం రైతులు చేసే పనే. గాలికి రెపరెపలాడితే కొన్నాళ్లు బెదురుతుంది, అలవాటు పడ్డాక కిందినుంచి వస్తుంది. మొలకలు నాలుగు ఆకులు వేసేవరకు గడుపుకోవడానికి పనికొస్తుంది. పాత చేపల వల, నైలాను వల మాత్రం కట్టవద్దు. చెవులపిల్లి కాలు చిక్కుకుంటే గింజుకుని రాత్రంతా నరకం పడుతుంది. పాములూ, పక్షులూ కూడా చిక్కుకుంటాయి. కరెంటు తీగ గురించి ఒకే మాట: అలా పెట్టిన తీగలకు మనుషులు చనిపోయారు.

విడి మొక్కలకు

దానిమ్మ, మునగ, చీనీ (బత్తాయి), నిమ్మ అంట్లకు మొదటి రెండేళ్లు ప్రమాదం. లేత చిగురు కొరుకుతుంది, ఎండాకాలంలో తిండి లేకపోతే మొదట్లో బెరడు గీకుతుంది. బెరడును చుట్టూ పూర్తిగా తినేస్తే ఆ మొక్క ఇక బతకదు. అదే జాలిని అడుగు వెడల్పు గొట్టంలా చుట్టి, రెండున్నర అడుగుల ఎత్తున మొక్క చుట్టూ నిలబెట్టండి. జాలి కాండానికి తగలకూడదు, తగిలితే బయటి నుంచే కొరుకుతుంది. నారు మొక్కలకు అడుగు కోసేసిన పెయింటు డబ్బాలు, పగిలిన పూలకుండీలు బోర్లించినా చాలు. కాండం ముదిరి బెరడు గరుకు తేలాక ఈ కాపలా తీసేయవచ్చు.

ఉల్లి, వెల్లుల్లి, తులసి, కలబంద జోలికి అది సాధారణంగా రాదు. జాలి చాలని చోట వీటిని బయటి వరసలో, అలసంద, పాలకూర, కొత్తిమీరలను లోపల వేసుకోండి. బంతి వేస్తే రాదని కొందరు చెబుతారు. మా ఇంట్లో బంతి మొలకలనే మొదట తిన్నది. ఆకలి వేసిన వేసవిలో ఈ జాబితాలేవీ పనిచేయవు.

వాసనలు, మందులు

జాలి కట్టేలోపు పది రోజులు గడుపుకోవాలంటే వాసన పనికొస్తుంది. వంద గ్రాముల పచ్చిమిర్చి, యాభై గ్రాముల వెల్లుల్లి దంచి, లీటరు నీళ్లలో మరిగించి, చల్లార్చి వడకట్టి, మరో నాలుగు లీటర్ల నీళ్లు కలపండి. ఆకులకు అంటుకోవడానికి కాస్త కుంకుడు రసం వేయండి. సాయంత్రం చల్లండి. కళ్లకు గుడ్డ కట్టుకోనక్కరలేదు గానీ గాలికి ఎదురుగా నిలబడకండి. లీటరు నీళ్లకు ఒక కోడిగుడ్డు గిలకొట్టి, వడకట్టి చల్లినా ఆ నీచు వాసనకు కొన్నాళ్లు దూరంగా ఉంటుంది. వేప నూనె అయితే లీటరుకు ఐదు మిల్లీలీటర్లు, సబ్బు నీళ్లతో కలిపి. ఏదైనా వాన పడితే మళ్లీ మొదటికే. కోసి వండుకునే ఆకుకూరల మీద చల్లకుండా, మడి అంచుల్లో చల్లడం మంచిది. గుడ్డు వాసన కొత్తిమీర పచ్చట్లోకి వస్తే ఇంట్లో వచ్చే వ్యతిరేకత చెవులపిల్లి కన్నా పెద్దది.

ఘాటు వాసనకు ఫోరేట్ అనే పురుగుమందు గుళికలు గుడ్డలో కట్టి వేలాడదీయడం కొందరి అలవాటు. ఆ మందు ప్రమాదకరమని 2020 చివరి నుంచి దేశమంతటా నిషేధించారు. పిల్లలు తిరిగే పెరట్లో పాత డబ్బా ఉన్నా వాడవద్దు. ఎలుకల మందు పెడితే చెవులపిల్లే కాదు, చచ్చిన ఎలుకను తిన్న గుడ్లగూబా, పిల్లీ పోతాయి. కలరా ఉండలు ఆరుబయట ఎండకు ఆవిరైపోతాయి, మిగిలేది పసిపిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదమే. చెవులపిల్లి బెదిరేది నిజమైన కుక్క వాసనకు. కానీ కుక్కను రాత్రి వదిలితే కాపలా కాస్తా వేట అవుతుంది. కట్టేసే ఉంచండి.

కూనలు కనబడితే, పెద్దది లోపల చిక్కుకుంటే

గడ్డిలో ఒంటరిగా పిల్ల కనబడితే తల్లి వదిలేసిందని ఎత్తుకురాకండి. తల్లి కావాలనే దూరంగా ఉంటుంది. తన వాసన పట్టి కుక్కలూ, నక్కలూ పిల్ల దాకా రాకూడదని దాని జాగ్రత్త. రోజులో కొద్దిసేపే, ఎక్కువగా చీకటి పడ్డాక, వచ్చి పాలిచ్చి వెళ్లిపోతుంది. మీరు చేయాల్సింది కుక్కను కట్టేయడం, ఇంట్లోని చిన్నపిల్లలను అటు వెళ్లనివ్వకపోవడం, ఆ వైపు గడ్డి కోత రెండు మూడు వారాలు వాయిదా వేయడం. తప్పనిసరిగా జరపాల్సి వస్తే చేతికి గడ్డి రుద్దుకుని, నాలుగైదు అడుగుల దూరంలో పక్క దుబ్బు నీడకు జరపండి, అంతే. ఇంట్లోకి తెచ్చి ఆవుపాలు పట్టిస్తే విరేచనాలు పట్టుకుని సాధారణంగా బతకదు. పైగా అడవి జంతువును ఇంట్లో ఉంచుకోవడం నేరం.

పెద్దది ప్రహరీ లోపల చిక్కుకుంటే తరమకండి. గోడలకు కొట్టుకుని నడుము విరగ్గొట్టుకుంటుంది. కుక్కను ఇంట్లోకి తీసుకోండి, పొద్దుగూకే వేళ గేటు బార్లా తెరవండి, పెరటి దీపాలు ఆర్పి, అందరూ లోపలికి వెళ్లండి. చీకట్లో అదే దారి వెతుక్కుంటుంది. మా ఇంట్లో గంటన్నర పట్టింది. కిటికీలోంచి చూస్తుంటే గేటు దగ్గర నిలబడి రెండు చెవులూ తిప్పి, మళ్లీ వెనక్కి వచ్చి, మిగిలిన ఒక్క పాలకూర ఆకును తిని మరీ వెళ్లింది.

కుక్క కరిచినదో, కాలు విరిగినదో దొరికితే మీరే వైద్యం చేయబోకండి. గాలి ఆడే అట్టపెట్టెలో మెత్తని గుడ్డ వేసి, దాన్ని కప్పి, చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచి అటవీ శాఖ కార్యాలయానికి ఫోను చేయండి. వారు వచ్చేలోపు తిండీ, నీళ్లూ నోట్లో పెట్టకండి. పట్టుకోవాల్సి వస్తే మందపాటి తువ్వాలు కప్పి పట్టుకోండి. భయంతో వెనుక కాళ్లతో తన్నితే గోళ్లు లోతుగా దిగుతాయి. ఒంటి మీద పిడుదులు కూడా ఉంటాయి కాబట్టి ఆ తరవాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

జాలి కట్టాక నెలకోసారి బండ ముక్కలు కదిలాయా, తీగ తెగిందా అని చుట్టూ తిరిగి చూసుకోవాలి. నేను మడి బయట, ప్రహరీ వారన రెండు మూరల వెడల్పున గరికను కోయకుండా వదిలేశాను. వానాకాలంలో తెల్లవారుజామున అక్కడ పెంటికలు కనబడుతున్నాయి. ఈ శ్రావణంలో అలసంద పాదులు పందిరి ఎక్కాయి. మేకల అవ్వకు ఒక కట్ట కాయలు ఇస్తే, "చెవులపిల్లికి మిగిల్చినావా నాయనా?" అని అడిగింది.